ఫోను ధర చెబుతుంది, పంట దాకా ఆగదు



ఈ పోస్టు కొంచెం పెద్దది. మధ్యాహ్నం అన్నం తిని మంచం వాల్చుకున్నాక తీరిగ్గా చదవండి. విషయం మన అందరి ఇళ్లలో ఉన్నదే, ఆన్‌లైన్ కొనుగోళ్లు. లాక్‌డౌన్‌కి ముందు మనం ఎలా కొనేవాళ్లం, ఇప్పుడు ఎలా కొంటున్నాం, ఈ మార్పులో రైతుకి కలిసొచ్చింది ఎంత, చేజారింది ఎంత అన్నది లెక్క వేద్దామని. ఈ సంగతి మీద రాసేవాళ్లు ఎక్కువగా పట్నం లెక్కే రాస్తారు. మన ఊళ్ల లెక్క వేరు.

మాది నూజివీడు వైపు. 5 ఎకరాల మామిడి, 3 ఎకరాల వరి. అందుకని నేను చెప్పేవన్నీ ఇటువైపు సంగతులే. మీ మిర్చికో, పత్తికో, కూరగాయలకో మీరే కలుపుకొని చూసుకోండి.

ముందు పాత రోజులు గుర్తు చేసుకుందాం. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్టు చవకైంది. ఆ ఏడాదే నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఈ రెండిటితో కుర్రాళ్ల ఫోన్లలోకి పేటీఎం, ఫోన్‌పే లాంటివి వచ్చాయి. కానీ పెద్దవాళ్లం వాటి జోలికి పోలేదు. 2019 నాటికి మా ఊళ్లో ఆన్‌లైన్‌లో కొనడమంటే ఫోను కవరు, ఇయర్‌ఫోన్లు, బూట్లు. అదీ వస్తువు చేతికొచ్చాకే డబ్బు. చాలా ఊళ్ల పిన్‌కోడ్ కొడితే అక్కడికి డెలివరీ లేదని వచ్చేది. ఉన్నా కొరియర్ అబ్బాయి ఊళ్లోకి వచ్చేవాడు కాదు. "సెంటర్లో ఉన్నానండీ, వచ్చి తీసుకెళ్లండి" అని ఫోన్ చేసేవాడు. 200 రూపాయల వస్తువు కోసం 9 కిలోమీటర్లు బండి మీద వెళ్లడం. అందుకే అది కుర్రాళ్ల సరదాగానే మిగిలింది.

ఆడవాళ్లు మనకంటే ముందే అలవాటు పడ్డారు, ఆ సంగతి మనం గమనించలేదంతే. వాట్సాప్‌లో చీరల ఫొటోలు తిరిగేవి గుర్తుందా? మీషో మొదట్లో నడిచింది ఆ పద్ధతిలోనే. అందులోని ఫొటో తీసుకుని, ధర మీద తన లాభం వేసుకుని, తెలిసినవాళ్లకి పంపి ఆర్డర్లు పట్టేవాళ్లు. కొన్నవాళ్లకి కంపెనీ పేరు కూడా తెలియదు. "ఫలానా వదిన దగ్గర తీసుకున్నా" అనేవాళ్లు. అంటే నమ్మింది ఫోనుని కాదు, ఫోను పట్టుకున్న మనిషిని.

ఇక ఎరువులు, పురుగుమందులు, విత్తనాలు, ఇంట్లోకి పప్పులు ఉప్పులు, ఇవన్నీ ఖాతా మీదే. మంది పుస్తకంలో రాసుకోవడం, పంట డబ్బు రాగానే తీర్చడం. ధర ఎంత అని అడిగే అలవాటు మనలో చాలామందికి ఉండేది కాదు. అరువు తెచ్చుకునేవాడు ధర అడిగితే బాగుండదని ఒక మొహమాటం. ఈ మొహమాటం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

తర్వాత 2020 వచ్చింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్.

లాక్‌డౌన్ పెట్టగానే జనం అంతా ఆన్‌లైన్ మీద పడ్డారని చాలామంది అనుకుంటారు. మొదట్లో అలా జరగలేదు. తిండి సరుకులు, మందుల లాంటి నిత్యావసరాలు తప్ప ఇంకేమీ పంపకూడదని ఆంక్ష ఉండేది. ఏప్రిల్ 20 నుంచి అన్నీ అమ్ముకోవచ్చని ఒకసారి చెప్పి, 19వ తేదీనే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. మే 4 నుంచి గ్రీన్, ఆరెంజ్ జోన్లలో మిగతా సరుకులకి దారి తెరిచారు. అంటే ఆ మొదటి 40 రోజులూ మన ఊళ్లని నిలబెట్టింది ఏ యాపూ కాదు. ఊళ్లో కిరాణా కొట్టు. పొద్దున కొన్ని గంటలే తెరిచి ఉండేది. అందరి దగ్గరా డబ్బులు ఆగిపోయాయి, కోసిన పంట కల్లంలో ఉంది, బ్యాంకుకి వెళ్లాలంటే భయం. మా కొట్టు బాబాయి ఆ 40 రోజులూ ఎవరినీ డబ్బులు అడగలేదు. పుస్తకంలో రాసుకుని ఇచ్చాడు. ఆయనకి సరుకు ఇచ్చేవాళ్లు మాత్రం నగదు ఇస్తేనే ఇచ్చారు. అది ఆయన తర్వాతెప్పుడో చెబితే తెలిసింది.

మరి అలవాటు ఎప్పుడు మారింది? నా లెక్కలో బడి వల్ల మారింది. బడులు మూసేసి, పాఠాలు ఫోన్లో మొదలయ్యేసరికి స్మార్ట్‌ఫోను లేని ఇల్లు కూడా అప్పు చేసి ఒకటి కొంది. పిల్లవాడి పాఠం గంటసేపు. మిగతా 23 గంటలూ ఆ ఫోను ఇంట్లోనే ఉంది. అమ్మ చేతిలోకి, నాయనమ్మ చేతిలోకి వెళ్లింది. చదువు కోసం వచ్చిన ఫోను బజారుని కూడా ఇంట్లోకి తెచ్చింది. మరోపక్క నోటు ముట్టుకుంటే జబ్బు అంటుకుంటుందేమోనన్న భయం. పాల కేంద్రం దగ్గర, కూరగాయల బండి మీద, చివరికి మిరపకాయ బజ్జీల బండికి కూడా స్కాన్ చేసే బొమ్మ అంటించారు.

యూపీఐ లెక్కలు చూస్తే ఇది తెలిసిపోతుంది. దేశం మొత్తం మీద నెలకి 100 కోట్ల లావాదేవీలు మొదటిసారి దాటింది 2019 అక్టోబరులో. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుమ, మళ్లీ 100 కోట్లకి కొంచెం కిందకి జారింది. అదే ఏడాది అక్టోబరుకి 200 కోట్లు దాటింది. 2023 ఆగస్టుకి నెలకి 1000 కోట్లు. అందులో మీ టీ బిల్లూ ఉంది, నా పాల డబ్బూ ఉంది.

ఇప్పుడు మా ఊళ్లోకి రోజూ ఇద్దరు ముగ్గురు డెలివరీ కుర్రాళ్లు వస్తున్నారు. ఇంటి గడప దాకా వస్తారు. చీరలు, నైటీలు, పిల్లల బట్టలు, మిక్సీ జార్లు, దుప్పట్లు. వ్యవసాయానికైతే బరకాలు, తలకి కట్టుకునే లైట్లు, బ్యాటరీ స్ప్రేయరు ఛార్జర్లు, తైవాన్ పంపు విడిభాగాలు, డ్రిప్ కనెక్టర్లు. ఇవి నిజంగా మేలు చేశాయి. ఒక చిన్న వాషరు కోసం విజయవాడ పోయి, అక్కడ లేదంటే తిరిగొచ్చి, ఒక రోజు కూలి పోగొట్టుకున్న రోజులు మనకి తెలుసు. ఇప్పుడు పాత ముక్క ఫొటో తీసి వెతికితే నాలుగు రోజుల్లో ఇంటికొస్తోంది. దీన్ని తప్పుపట్టాల్సింది ఏమీ లేదు.

అయితే ఒకటి గమనించండి. ఏది ఫోనులోకి వెళ్లింది, ఏది వెళ్లలేదు? 200, 500, వెయ్యి రూపాయల వస్తువులు వెళ్లాయి. చేతిలో ఉన్న డబ్బుతో కొనేవి వెళ్లాయి. పెద్ద ఖర్చు మాత్రం కదల్లేదు. ఎరువు, మందు, విత్తనం ఇంకా ఖాతా మీదే ఉన్నాయి.

యూరియా, డీఏపీల సంగతి అర్థమవుతుంది. అవి సబ్సిడీవి, డీలరు దగ్గర యంత్రం మీద వేలిముద్ర వేస్తేనే ఇస్తారు. కానీ పురుగుమందులు? 2022 నవంబరులో కేంద్రం నిబంధనలు మార్చి, లైసెన్సు ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో అమ్మి ఇంటికి పంపడానికి అనుమతి ఇచ్చింది. అంతకుముందే మన రాష్ట్రంలో 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు పెట్టారు, ఇప్పుడు వాటినే రైతు సేవా కేంద్రాలంటున్నారు. అక్కడ కియోస్క్ తెరమీద చూసి ఆర్డరు పెట్టుకునే ఏర్పాటు చేశారు. దారి ఉంది, ధర కనిపిస్తోంది. అయినా మనలో ఎంతమంది అటు వెళ్లారు? ఎందుకు వెళ్లలేదు?

మనకి ఫోను రాక కాదు, తెలివి లేక కాదు. జూన్‌లో మన చేతిలో డబ్బు ఉండదు. అంతే. ఫోను ధర చెబుతుంది కానీ పంట దాకా ఆగదు. కొట్టు ఆగుతుంది.

ఆగినందుకు ఎంత తీసుకుంటోందో చూద్దాం. మా వైపు ఖాతా మీద నూటికి 2 రూపాయల వడ్డీ మామూలు. 50,000 రూపాయల సరుకు జూన్‌లో తెచ్చి, పంట డబ్బు వచ్చి 8 నెలలకి తీరిస్తే వడ్డీ 8,000. అరువు ధర, నగదు ధర వేరువేరుగా ఉంటే ఆ తేడా దీనికి అదనం. అదే 50,000 కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే 7 శాతం లెక్కన 8 నెలలకి సుమారు 2,333. గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది, అంటే 1,333. తేడా 6,600 పైచిలుకు. కౌలు రైతులకి ఈ కార్డు అందడం ఎంత కష్టమో నాకు తెలుసు, వాళ్ల బాధ వేరు. సొంత భూమి ఉన్నవాళ్లం కూడా కార్డు డబ్బుని ఏ పెళ్లికో, ఫీజుకో వాడి, ఎరువు మళ్లీ ఖాతా మీదే తెస్తున్నాం. ఇది ఊరంతా ఉన్న సంగతే.

అమ్మకం వైపు కూడా ఇదే కథ. ఇది నాకు ఎక్కువ బాధ కలిగించే భాగం.

2020 వేసవిలో మామిడి కోతకి వచ్చేసరికి బయటి వ్యాపారులు రాలేదు. పూత మీద బేరమాడిన తోటలు కూడా వదిలేసుకున్నారు. కాయ చెట్టు మీద ఉంది. పండ్లు, కూరగాయల బండ్లకి రోడ్డు మీద అనుమతి ఉంది. మా ఊరి కుర్రాళ్లు ముందుకొచ్చారు. బంగినపల్లి, చిన్న రసాలు 5 కిలోల పెట్టెల్లో సర్ది, విజయవాడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెట్టారు. ఒక అపార్ట్‌మెంట్‌లో 30 పెట్టెలు, ఇంకోదాంట్లో 50. ట్రాలీ ఆటోలో వెళ్లి గేటు దగ్గర దించితే వాచ్‌మన్ పైకి పంపేవాడు, డబ్బు ఫోన్లో పడేది. మాకు పెట్టెలో కిలో 55 రూపాయలు వచ్చింది. పెట్టె, గడ్డి, ఆటో, కుర్రాళ్ల కూలి, మచ్చలున్నవి తీసేసిన నష్టం అన్నీ పోను కిలోకి 35 మిగిలింది. ఆ రోజుల్లో లాటు మీద తోలితే 15, 18 కంటే రాలేదు. ఊళ్లో 12 మంది రైతులం ఇలా అమ్మాం. అంతా కలిపి మా కాయలో నాలుగో వంతు కూడా ఇలా పోలేదు, అది నిజం. మిగతాది వచ్చిన ధరకి తోలేశాం. కానీ పండు తిన్నవాడి ఫోను నంబరు రైతు దగ్గర ఉండటం మాకు అదే మొదటిసారి.

2021లో రెండో అల. మే 5 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. ఆ ఏడాదీ పాత నంబర్ల నుంచి ఆర్డర్లు వచ్చాయి. 2022లో అన్నీ తెరిచారు. వ్యాపారులు తిరిగొచ్చారు. పూత మీద అడ్వాన్సు చేతిలో పెట్టారు. అంతే, పెట్టెలు అటకెక్కాయి. ఇప్పుడు 12 మందిలో ఇంకా పెట్టెల్లో అమ్ముతున్నది ఇద్దరు.

ఎందుకు ఆగిపోయిందో వాళ్లందరినీ అడిగాను. పని ఎక్కువ అన్నారు, అది నిజమే. కాయ సైజులు వేరు చెయ్యాలి, సమంగా మాగాలి, ఒక్క పండు చెడినా ఫోన్ వస్తుంది. కుర్రాళ్లు హైదరాబాద్ ఉద్యోగాలకి వెళ్లిపోయారన్నారు, అదీ నిజమే. కానీ అందరూ చివరికి ఒకే మాటకి వచ్చారు. "జనవరిలో మందు కొట్టడానికి డబ్బు ఎవరిస్తారన్నా? అపార్ట్‌మెంటు వాళ్లు ఇస్తారా?" అడ్వాన్సు తీసుకున్న కాయ మనది కాదు. ఎక్కడ అమ్మాలో చెప్పే హక్కు పూత రోజునే పోయింది. కొనుగోలు దగ్గర ఖాతా ఏం చేస్తోందో, అమ్మకం దగ్గర అడ్వాన్సు అదే చేస్తోంది.

అందుకే మన ఇళ్లు ఫోన్లో కొనడం నేర్చుకున్నాయి కానీ, మన పొలాలు ఫోన్లో అమ్మడం నేర్చుకోలేదు. డబ్బు బయటికి వెళ్లే దారి సులువైంది. లోపలికి వచ్చే దారి 2019లో ఎలా ఉందో అలాగే ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫోను అప్పు ఇవ్వదని కాదు, ఇస్తుంది. ఆధార్, పాన్ కొడితే నిమిషాల్లో ఇస్తామనే లోన్ యాపులు ఆ లాక్‌డౌన్ ఏడాదే జనం మీద పడ్డాయి. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసేదాకా వెళ్లింది, వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ అప్పుకి వాన పడిందా లేదా అన్నది పట్టదు. ఏడో రోజున ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే మన చుట్టాలకి చేస్తుంది. కొట్టు వాళ్ల వడ్డీ ఎక్కువే, కాదనను. కానీ తుఫాను వచ్చి వరి పడిపోయిన ఏడాది కొట్టు వాడు వచ్చి పొలం చూసి, "సరే, వచ్చే పంటకి చూద్దాం" అంటాడు. ఈ తేడా చిన్నది కాదు.

మా కొట్టు బాబాయి మొన్న ఒక మాట అన్నాడు. "డబ్బులున్నప్పుడు ఫోనుకి ఇస్తున్నారు, లేనప్పుడు నా దగ్గరికి వస్తున్నారు. నగదు బేరం లేకుండా అరువు నేనెక్కడినుంచి తెచ్చివ్వను రా?" సమాధానం చెప్పలేకపోయాం. ఊళ్లో నాలుగు కిరాణా కొట్లుండేవి, ఇప్పుడు రెండే ఉన్నాయి. మళ్లీ అలాంటి 40 రోజులు వస్తే పుస్తకం తెరిచి రాసుకునేవాడు ఉండాలంటే, మామూలు రోజుల్లో కూడా ఆయనకి కొంత నగదు బేరం పోవాలి. దయతో చెయ్యమనడం లేదు. అది మనకి బీమా లాంటిది.

అన్నీ చెప్పాక ఏం చేద్దామని అడుగుతారు. నాకు తోచింది రాస్తున్నాను.

ఒకటి, కొనేది ఎక్కడైనా సరే, ధర ముందు ఫోన్లో చూడండి. అరువుకి తెచ్చుకున్నా సరే చూడండి. లాక్‌డౌన్ తర్వాత మనకి దక్కిన అసలు మేలు ఇదే. పైన చెప్పిన మొహమాటం ఇక్కడ వదిలేయాలి. ఇదే మందు, ఇదే కంపెనీ, బయట ఇంతకి దొరుకుతోంది అని మర్యాదగా అడగండి. నేను అడిగాక ఒక మందు డబ్బా మీద 140 రూపాయలు తగ్గింది, మా స్నేహం ఏమీ చెడలేదు.

రెండు, క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు ఈ ఏడాది మొత్తం కాకపోయినా సగం ఎరువు, మందు నగదుకి కొనండి. పై లెక్క ప్రకారం లక్షకి 13,000 పైన తేడా వస్తుంది.

మూడు, విత్తనం విషయంలో చవకకి పోవద్దు. ఫోన్లో కొన్నా, కొట్లో కొన్నా బిల్లు, లాట్ నంబరు ఉన్న సంచి, కొంచెం విత్తనం పంట అయ్యేదాకా దాచండి. మొలక రాకపోతే మండల వ్యవసాయ అధికారికి చూపించడానికి అవే ఆధారం. పార్శిల్ విప్పేటప్పుడు ఫోనుతో వీడియో తీయండి. మోసపోతే ఊరుకోకండి. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మనం మన జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ముందుగా 1915కి ఫోన్ చెయ్యండి. ఖాతాలోంచి డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెయ్యండి. ఈ రెండు నంబర్లూ ఇంట్లో ఆడవాళ్ల ఫోన్లలో కూడా ఎక్కించండి.

నాలుగు, అమ్మకం. తోటంతా అడ్వాన్సుకి ఇవ్వకండి. పది చెట్లు, లేదా అర ఎకరం మనకని బేరంలోనే ముందే వదిలించుకోండి. ఆ కాయని మాత్రమే పెట్టెల్లో అమ్ముదాం. అడ్వాన్సు డబ్బుతో మందుల ఖర్చు గడుస్తుంది, తిన్నవాడి ఫోను నంబరూ మన దగ్గర ఉంటుంది. మా ఊళ్లో మిగిలిన ఆ ఇద్దరూ చేస్తున్నది ఇదే. పాత నంబర్లకి ఏటా మార్చిలో పూత ఫొటో, ఏప్రిల్‌లో కాయ ఫొటో పంపుతారు. మే వచ్చేసరికి ఆర్డర్లు వాళ్లని వెతుక్కుంటూ వస్తాయి. కాయ రుచి తెలిసినవాడు ధర గురించి గట్టిగా బేరమాడడు.

వచ్చే పూతకి మేం ఐదుగురం కలుస్తున్నాం. ఒక్కొక్కరం పది చెట్లు వదిలించుకుంటున్నాం, పెట్టెలు ఒకేసారి కొంటున్నాం, ఆటో ఖర్చు పంచుకుంటున్నాం. 2020 నాటి నంబర్ల పుస్తకం మా తమ్ముడి దగ్గర భద్రంగా ఉంది, అందులో 180 పేర్లున్నాయి. వాళ్లలో ఎంతమంది మళ్లీ కొంటారో జూన్‌లో లెక్కతో సహా ఇక్కడే రాస్తాను, లాభం వచ్చినా నష్టం వచ్చినా.

మీ ఊళ్లో ఆ రెండేళ్లూ ఇలా నేరుగా అమ్మినవాళ్లు ఉంటే, ఇంకా అమ్ముతున్నారో ఆపేశారో, ఎందుకు ఆపేశారో కింద రాయండి. ముఖ్యంగా జనవరిలో పెట్టుబడి డబ్బు ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నారో రాయండి. మనందరికీ పనికొచ్చేది అదే.